కొత్త ఫ్రిజ్, టీవీ, ఏసీ, వాషింగ్ మెషిన్ డ్యామేజ్ అయి వస్తే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా ఆఫర్లలోనో, గృహప్రవేశానికో, అమ్మాయి సారెలోకో ఒక్కసారే నలభై యాభై వేలు పెట్టి సామాను కొంటాం. తీరా ఇంటికొచ్చి బిగించాక చూస్తే డోర్‌కి సొట్ట, స్క్రీన్ మీద గీతలు, లేదంటే అసలు కూలింగే రాదు. ఇక అక్కణ్ణుంచి షాపువాడు కంపెనీకి ఫోన్ చేసుకోమంటాడు, కంపెనీ టెక్నీషియన్‌ని పంపిస్తుంది, ఆయన వచ్చి ‘ఇది ఫిజికల్ డ్యామేజ్ అండి, వారంటీలో రాదు’ అని రాసేసి వెళ్ళిపోతాడు. మా పిన్ని వాళ్ళింట్లో ఇదే జరిగింది, తర్వాత చుట్టాల్లో, ఫ్రెండ్స్‌లో చాలామంది నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతుంటే అన్నీ ఒకచోట పెడుతున్నా. ముందే ఒక మాట గట్టిగా చెప్తా, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది: మీరు డబ్బు కట్టింది కొత్త, మంచి వస్తువుకి. దెబ్బతిన్నది తెచ్చి ఇంట్లో పెడితే మీకు రావాల్సింది ఇంకా రాలేదనే లెక్క. కాబట్టి మాట్లాడాల్సింది వారంటీ కార్డు గురించి కాదు, అమ్మకం గురించి.

డెలివరీ వాళ్ళు వచ్చినప్పుడు ముందుగా ఏం చూసుకోవాలి?

బాక్స్ ఆటోలోంచి దింపుతున్నప్పటి నుంచే ఫోన్‌లో వీడియో పెట్టండి, ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకి ఇచ్చేయండి ఆ పని. బాక్స్ నాలుగు పక్కలూ, కింద మూలలూ, దాని మీదున్న సీరియల్ నంబర్ స్టిక్కర్, డెలివరీ చలాన్ అన్నీ ఒకే వీడియోలో కట్ లేకుండా వస్తే బెస్ట్. బాక్స్ చిరిగినా, నొక్కుకుపోయినా, తడిసినా చలాన్ మీద పెన్నుతో ‘బాక్స్ డ్యామేజ్ అయి ఉంది, లోపల చూడలేదు’ అని రాసి ఆ తర్వాతే సంతకం పెట్టండి, రాయనివ్వకపోతే తీసుకోనని చెప్పి పంపించేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఓపెన్ బాక్స్ డెలివరీ (మీ ముందే బాక్స్ విప్పి చూపించి ఇవ్వడం) ఆప్షన్ ఉంటే తప్పకుండా అదే పెట్టుకోండి.

ఒక్కో వస్తువుకి ఒక్కో చోట దెబ్బ దాక్కుంటుంది. టీవీకి పైన గ్లాస్ బాగానే కనిపిస్తుంది కానీ లోపలి ప్యానెల్ పగిలి ఉంటుంది, ఆన్ చేస్తేనే సాలెగూడులా గీతలు తేలతాయి, అందుకే టీవీ ఆన్ చేయకుండా డెలివరీ ఓకే అనకండి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటికి గ్యాస్ పైపులు పక్క గోడల లోపలే ఉంటాయి, వెనక జాలీ ఉండదు. కాబట్టి పక్కన సొట్ట పడిందంటే అది అందానికి సంబంధించిన విషయం మాత్రమే అనుకోవద్దు, పైపు నొక్కుకుపోయి ఉంటే కొన్ని రోజులకి కూలింగ్ పోతుంది. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తెచ్చారేమో కూడా చూడండి, అలా తెస్తే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి వెళ్తుంది, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే ఆన్ చేయాలి. పడుకోబెట్టి తెస్తే దాన్ని కూడా వీడియో తీసి పెట్టుకోండి.

చలాన్ మీద సంతకం పెట్టేశా, ఓటీపీ కూడా చెప్పేశా. ఇంక నా హక్కు పోయినట్టేనా?

పోలేదు. డెలివరీ ఓటీపీ, సంతకం అంటే బాక్స్ మీ ఇంటికి చేరిందని మాత్రమే అర్థం. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది, అందులో 41వ సెక్షన్ ప్రకారం ముందు చూసుకోకుండా తీసుకున్న వస్తువుని పరీక్షించుకోవడానికి కొన్నవాడికి తగిన అవకాశం దొరికేదాకా దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కేయకూడదు. సీలు వేసిన బాక్స్‌లో ఫ్రిజ్ ఎలా ఉందో గుమ్మంలో నిలబడి ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

కానీ దీనికి ఇంకో వైపు ఉంది, అదే చట్టంలో 42వ సెక్షన్. వద్దని చెప్పకుండా వస్తువుని సహేతుకమైన టైమ్ దాటి మీ దగ్గరే పెట్టుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది. అంటే లేట్ చేయకూడదు, చూసిన రోజే, కుదిరితే చూసిన గంటలోనే, రాతపూర్వకంగా ‘ఇది డ్యామేజ్ అయి వచ్చింది, నేను ఒప్పుకోవట్లేదు’ అని షాపుకీ కంపెనీకీ పంపేయాలి. మెయిల్ అయినా వాట్సాప్ అయినా పర్లేదు, ఫోన్‌లో చెప్పింది మాత్రం గాల్లో కలిసిపోతుంది.

వస్తువుని మీరే ఆటో మాట్లాడుకుని షాపుకి తీసుకురండి అంటున్నారు, తేవాలా?

అక్కర్లేదు. పైన చెప్పిన చట్టంలోనే 43వ సెక్షన్ ఉంది: వద్దనే హక్కు ఉండి వద్దన్నప్పుడు వెనక్కి తీసుకెళ్ళాల్సిన బాధ్యత కొన్నవాడిది కాదు, వద్దని తెలియజేస్తే చాలు. వచ్చి తీసుకెళ్ళమనండి. మీరు తీసుకెళ్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది, దారిలో మీరే పడేశారు అంటారు.

టెక్నీషియన్ ‘హ్యాపీ కోడ్’ చెప్పమంటున్నాడు, చెప్పొచ్చా?

పని పూర్తయి అంతా బాగుంటేనే చెప్పండి. కొన్ని కంపెనీలు దీన్ని హ్యాపీ కోడ్ అంటాయి, కొన్ని జాబ్ క్లోజింగ్ ఓటీపీ అంటాయి, పేరేదైనా అది చెప్పారంటే వాళ్ళ సిస్టమ్‌లో ‘ఇన్‌స్టలేషన్ ఓకే, కస్టమర్ శాటిస్ఫైడ్’ అని పడిపోతుంది. పిన్ని వాళ్ళ వాషింగ్ మెషిన్ బిగించిన అబ్బాయి మంచివాడే, ‘అమ్మా కోడ్ చెప్పండి, నాకు ఈరోజు కాల్ క్లోజ్ అవ్వకపోతే డబ్బులు రావు, డ్యామేజ్ సంగతి వేరే కంప్లయింట్ పెడదాం’ అన్నాడు, పాపం అతని ఇబ్బంది అతనిది. పిన్ని కోడ్ చెప్పింది. మర్నాడు కంపెనీకి ఫోన్ చేస్తే ‘మేడమ్, మీరు ఓకే అన్నట్టు రికార్డ్‌లో ఉంది కదా’ అన్నారు. ఫొటోలు ఉండబట్టి బయటపడింది కానీ లేకపోతే చాలా తిప్పలు పెట్టేవాళ్ళు.

టెక్నీషియన్ మీద జాలి ఉంటే టీ ఇవ్వండి, కోడ్ మాత్రం వద్దు. జాబ్ షీట్‌లో, అంటే టెక్నీషియన్ వచ్చి చేసిన పని రాసే కాగితంలో, ‘బాక్స్ విప్పేటప్పటికే డ్యామేజ్ ఉంది’ అని అతని చేత్తోనే రాయించండి. ఈ ఒక్క లైన్ తర్వాత మీకు చాలా పనికొస్తుంది. అసలు ఆన్ అవ్వకపోతే ‘డీఓఏ’ అంటే డెడ్ ఆన్ అరైవల్ (వచ్చేటప్పటికే పనిచేయట్లేదని) రిపోర్ట్ రాయమనండి, ఈ మాట సర్వీస్ సెంటర్ వాళ్ళందరికీ తెలుసు, ఆ రిపోర్ట్ పడితే చాలా కంపెనీల్లో రీప్లేస్‌మెంట్ త్వరగా కదులుతుంది. రాయనంటే జాబ్ షీట్ ఫొటో తీసుకుని మీ వెర్షన్ మీరే అదే రోజు మెయిల్ చేయండి.

‘ఫిజికల్ డ్యామేజ్ వారంటీలో రాదు’ అంటున్నారు. నిజమేనా?

వారంటీలో రాదన్నది నిజమే కావచ్చు, చాలా వారంటీ కార్డుల్లో అలాగే ఉంటుంది. కానీ ఆ నియమం మీ దగ్గర మీరు వాడుతూ పగలగొట్టుకున్న వాటికి. ఫ్యాక్టరీ నుంచి మీ గుమ్మం దాకా వచ్చే దారిలో ఎవరు పడేసినా అది మీ మీదకి రాదు. ఇక్కడ వర్తించేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది, పాత 1986 చట్టం స్థానంలో. అందులో క్వాలిటీలో గానీ క్వాంటిటీలో గానీ ఏ లోపం ఉన్నా అది ‘డిఫెక్ట్’ కిందకే వస్తుంది.

కాల్ సెంటర్‌లో మాట్లాడేటప్పుడు ‘వారంటీ కంప్లయింట్’ అని రిజిస్టర్ చేయనివ్వకండి. ‘డ్యామేజ్డ్ డెలివరీ, రీప్లేస్‌మెంట్ రిక్వెస్ట్’ అని పెట్టమనండి. మొదటి రోజు ఏ పేరుతో కంప్లయింట్ రిజిస్టర్ అయిందో చివరిదాకా దాన్నే పట్టుకుని లాగుతారు.

రిపేర్ చేసి ఇస్తాం, డోర్ మారుస్తాం అంటున్నారు. ఒప్పుకోవాలా?

ఇది మీ ఇష్టం, నా అభిప్రాయం అడిగితే ఒప్పుకోవద్దనే అంటా. కొత్త రేటు తీసుకుని, విప్పి బాగు చేసిన వస్తువు ఇవ్వడం న్యాయం కాదు. చిన్న ప్లాస్టిక్ ట్రే విరిగితే, లోపల బల్బు వెలక్కపోతే సరే, ఆ పార్ట్ మార్చుకుని పని కానివ్వండి, దానికి యుద్ధం అక్కర్లేదు. డోర్, ప్యానెల్, కంప్రెసర్, మోటార్ లాంటివైతే మొదటి రోజే రీప్లేస్‌మెంట్ లేదా రీఫండ్ అని నిలబడండి. ఒకసారి రిపేర్‌కి ఊ అన్నారంటే తర్వాత ‘మీరే ఒప్పుకున్నారు కదా’ అంటారు.

అయితే ఒకటి తెలిసి ఉండాలి, ప్రతి కేసులో కొత్తదే ఇవ్వాలని చట్టం కట్టేయలేదు. 2019 చట్టం 39వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్, అంటే ఇలాంటి కేసులు విని తీర్పిచ్చే చోటు, లోపం సరిచేయమనొచ్చు, మార్చి ఇవ్వమనొచ్చు, వడ్డీతో డబ్బు వెనక్కి ఇమ్మనొచ్చు, నష్టపరిహారం కూడా వేయొచ్చు, ఏది ఇవ్వాలో కేసుని బట్టి వాళ్ళు చూస్తారు. రిపేర్‌తో పోయే లోపమైతే రిపేర్ ఆర్డర్ వచ్చే ఛాన్స్ కూడా ఉంది. అందుకే ‘వచ్చినప్పుడే ఇలా ఉంది’ అన్న ప్రూఫ్ అంత ముఖ్యం.

ఈలోపు ఆ వస్తువు వాడొచ్చా?

వాడకపోతేనే మంచిది, ప్లగ్ తీసి పక్కన పెట్టండి. వద్దన్న వస్తువుని రోజూ వాడుతుంటే మీ మాటకి బలం తగ్గుతుంది. మే నెలలో ఫ్రిజ్ లేకుండా ఎలా అంటే, నిజమే, కష్టమే, తప్పనిసరైతే ‘వేరే దారి లేక తాత్కాలికంగా వాడుతున్నాం, ఒప్పుకున్నట్టు కాదు’ అని మెయిల్ పెట్టి వాడండి. థర్మోకోల్, బాక్స్, స్టాండ్, స్క్రూలు ఏవీ పారేయకండి. బయట మెకానిక్‌ని పిలిచి విప్పించనే వద్దు, విప్పారంటే తప్పు మీ మీదకి తోసేస్తారు.

షాపువాడు కంపెనీ అంటాడు, కంపెనీ షాపు అంటుంది. ఎవర్ని పట్టుకోవాలి?

ఇద్దర్నీ. మీరు డబ్బు కట్టింది షాపుకి, బిల్లు ఇచ్చింది షాపు, కాబట్టి ‘మేము అమ్మేవాళ్ళమే, తయారుచేసేవాళ్ళం కాదు’ అన్న మాట దగ్గర మీరు ఆగిపోవక్కర్లేదు. తయారీలో లోపమైతే కంపెనీది, దారిలో దెబ్బతింటే పంపినవాడిది, బిగించేటప్పుడు పాడైతే బిగించిన వాళ్ళని పంపినవాళ్ళది. ఇవన్నీ వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాల్సిన లెక్కలు, మీరు తేల్చి పెట్టాల్సిన పని లేదు. ఏ మెయిల్ పంపినా షాపు, కంపెనీ, ఆన్‌లైన్ అయితే ఆ ప్లాట్‌ఫాం ముగ్గుర్నీ అందులో పెట్టండి, రేపు కేసు వేసినా ముగ్గుర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరి మీదే వేస్తే ఆ ఒక్కరూ లేనివాళ్ళ మీదకి నెట్టేస్తారు.

ఆన్‌లైన్‌లో కొన్నా, రిటర్న్ విండో అయిపోయింది. ఇంకేం చేయలేమా?

యాప్‌లో బటన్ పోయింది, అంతే. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం వస్తువు లోపంతో ఉన్నా, యాడ్‌లో చెప్పినట్టు లేకపోయినా, ప్లాట్‌ఫాం మీద అమ్మే సెల్లర్ వెనక్కి తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి వీల్లేదు. ప్రతి ప్లాట్‌ఫాంకీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉండాలి, ఆయన పేరు, కాంటాక్ట్ సైట్‌లో కనిపించేలా పెట్టాలి, కంప్లయింట్ అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో ‘మీ ఇబ్బంది మాకు అర్థమైంది’ అని పదిసార్లు చెప్పే వాళ్ళతో గంటలు గంటలు కొట్టుకునే బదులు ఆ గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఐడీ సైట్ అడుగున వెతికి సరాసరి అక్కడికి రాయండి. చాట్ చేసి ఉంటే స్క్రీన్‌షాట్లు మాత్రం తీసుకోండి, కొన్నాళ్ళకి కనపడకుండా పోవచ్చు.

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ పేమెంట్ మీద అభ్యంతరం) కూడా పెట్టొచ్చు, దానికి గడువు ఉంటుంది కాబట్టి వెంటనే అడగండి.

గృహప్రవేశం ముహూర్తం దాకా బాక్స్ విప్పలేదు, విప్పితే పగిలి ఉంది

మన దగ్గర ఇది బాగా ఎక్కువ. ఆషాఢం ఆఫర్లో కొని శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుంటారు, నెల రోజులు బాక్స్ హాల్లోనే ఉంటుంది, దాని మీద కర్టెన్ రాడ్లు, పెయింట్ డబ్బాలు పెడతారు. అప్పుడు విప్పి డ్యామేజ్ అంటే ‘మీ ఇంట్లోనే జరిగింది’ అనడానికి వాళ్ళకి అవకాశం ఇచ్చినట్టే. హక్కు ఉంటుంది కానీ నిరూపించడం కష్టమైపోతుంది.

కాబట్టి ముహూర్తానికి ముందే బాక్స్ విప్పి చూసుకోండి, ఆన్ చేసి చూసి మళ్ళీ కప్పి పెట్టండి, పూజ అయ్యాక వాడకం మొదలుపెట్టండి. లేదంటే కొనేటప్పుడే డెలివరీ డేట్ ముహూర్తానికి ఒకటి రెండు రోజుల ముందుకి పెట్టించుకోండి, ఇప్పుడు దాదాపు అన్ని షాపులూ ఒప్పుకుంటాయి. ఇప్పటికే జరిగిపోయి ఉంటే, బాక్స్ బయట కూడా అదే చోట నొక్కు ఉందేమో చూడండి, డెలివరీ రోజు తీసిన ఏ ఫ్యామిలీ ఫొటోలోనైనా వెనకాల ఆ నొక్కు కనిపించినా పనికొస్తుంది.

బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది

ఉండనివ్వండి. లోపం ఉన్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది 2019 చట్టం కింద ‘అన్యాయమైన వ్యాపార పద్ధతి’, 2వ సెక్షన్ 47వ క్లాజులో ఉంది. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులో, ఏమీ రాయకపోతే 30 రోజుల్లో. రంగు నచ్చలేదు, పక్క షాపులో తక్కువకి దొరికింది అంటే మాత్రం ఈ రూల్ పనిచేయదు.

అసలు బిల్లే ఇవ్వలేదు, ఎస్టిమేట్ చీటీ ఇచ్చాడు

బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే క్లాజు కింద తప్పే. జీఎస్టీ లేకుండా తగ్గిస్తానంటే ఆశపడి చీటీతో సరిపెట్టుకోకండి, రేపు వారంటీకి కూడా ఇబ్బందే. చీటీ మాత్రమే ఉంటే యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్, షాపుతో వాట్సాప్ మెసేజ్‌లు, డెలివరీ చలాన్, కంపెనీ నుంచి వచ్చిన ఇన్‌స్టలేషన్ ఎస్ఎంఎస్ అన్నీ జతచేయండి. బిల్లు ఉన్నవాళ్ళు దాని మీద సీరియల్ నంబరూ, వస్తువు మీద నంబరూ ఒకటేనా అని తప్పకుండా చూడండి, వేరేగా ఉంటే షోరూమ్ డిస్‌ప్లే పీస్ అంటగట్టారేమో అడగండి.

వస్తువు బాగానే వచ్చింది, బిగించేటప్పుడే పాడుచేశారు

ఇది సేవా లోపం కిందకి వస్తుంది, దానికీ అదే 2019 చట్టం. కొన్ని చెప్తా, తెలిసుంటే అక్కడే పట్టుకోవచ్చు. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ వెనక ట్రాన్సిట్ బోల్టులు అని పెద్దవి ఉంటాయి, దారిలో డ్రమ్ ఊగకుండా ఫ్యాక్టరీలో బిగిస్తారు, అవి తీయకుండా ఆన్ చేస్తే మెషిన్ బాత్రూమ్ అంతా గెంతుతుంది, లోపల కూడా దెబ్బతింటుంది. బోల్టులు తీసి మీ చేతికి ఇచ్చాడా లేదా చూడండి, ఇల్లు మారేటప్పుడు మళ్ళీ కావాలి కాబట్టి దాచుకోండి. ఏసీకి కాపర్ పైపు కలిపే నట్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, గ్యాస్ వదిలే ముందు వాక్యూమ్ పంప్ పెట్టి లోపలి గాలి తీయాలి. సీజన్‌లో హడావిడిగా చేసేవాళ్ళు ఈ రెండూ ఎగ్గొడతారు, తర్వాత కూలింగ్ తగ్గిందంటే గ్యాస్ చార్జింగ్‌కి మళ్ళీ డబ్బులడుగుతారు. బిగించిన కొన్ని రోజులకే గ్యాస్ అయిపోయిందంటే ఆ డబ్బు మీరు ఎందుకు కట్టాలి, ఇన్‌స్టలేషన్‌లో తప్పని రాసి కంప్లయింట్ పెట్టండి.

టీవీ వాల్ మౌంట్ ఊడి పడటం, డ్రిల్లింగ్‌లో టైల్ పగలడం, గోడలో నీళ్ళ పైపుకి బొక్క పడటం, వీటన్నిటికీ కంపెనీ పంపిన మనిషైతే కంపెనీనే అడగాలి. అందుకే బయటివాళ్ళతో బిగించుకోకండి, వాళ్ళు తక్కువ తీసుకున్నా సరే. ఎవరికైనా గాయమైతే, షాక్ కొడితే అది ఇంకా పెద్ద విషయం, చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) అని విడిగా చాప్టరే ఉంది, ఆసుపత్రి కాగితాలు దాచి లాయర్‌ని కలవండి.

వోల్టేజ్ వల్ల పోయిందంటున్నారు

మొదటి రోజే పోతే ఆ మాట ఆధారం లేకుండా ఒప్పుకోవద్దు. బోర్డు మీద ఎక్కడ కాలిందో చూపించి రాసిమ్మనండి. అదే లైన్ మీద మీ మిగతా వస్తువులన్నీ పనిచేస్తున్నాయని వీడియో తీయండి. స్టెబిలైజర్ లేకుండా పనిచేస్తుందని అమ్మి ఉంటే ఆ యాడ్, ఆ స్టిక్కర్ ఫొటో పెట్టుకోండి.

ఈఎంఐలో కొన్నా, గొడవ తేలేదాకా కట్టడం ఆపేయొచ్చా?

ఆపకండి, కోపమొచ్చినా ఆపకండి. లోన్ ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, మీ గొడవ షాపుతో, ఒక్క వాయిదా తప్పినా సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. ఫైనాన్స్ వాళ్ళకి కూడా మెయిల్ పెట్టండి. రీఫండ్ అయ్యాక లోన్ క్లోజ్ అయినట్టు లెటర్ తీసుకునేదాకా వదలొద్దు, ప్రాసెసింగ్ ఫీజు, కట్టిన వడ్డీ కూడా నష్టంలో చూపించి అడగండి. పాత ఫ్రిజ్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి ఉంటే దాని విలువ కూడా కలిపి అడగాలి, చాలామంది అది మర్చిపోతారు.

సారెలో ఇచ్చిన ఫ్రిజ్, బిల్లు నాన్నగారి పేరు మీద ఉంది. అమ్మాయి కంప్లయింట్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. కొన్నవాళ్ళ అనుమతితో వాడుకునేవాళ్ళు కూడా చట్టం ప్రకారం వినియోగదారులే. నాన్నగారు తెనాల్లో కొన్నా, అమ్మాయి కరీంనగర్‌లో ఉంటే కరీంనగర్‌లోనే కేసు వేసుకోవచ్చు, ఎందుకంటే 2019 చట్టం వచ్చాక కంప్లయింట్ ఇచ్చేవాళ్ళు ఉండే చోట, పనిచేసే చోట వేసుకునే వీలు కలిగింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఊళ్ళో అమ్మానాన్నల కోసం ఆన్‌లైన్‌లో పంపిస్తారు చూడండి, అక్కడా ఇంతే, వాడేది అమ్మానాన్నలు కాబట్టి వాళ్ళ పేరు మీదే వేయొచ్చు. ఆర్డర్ కన్ఫర్మేషన్, కార్డు స్టేట్‌మెంట్ పిల్లలు పంపిస్తే చాలు. ఆర్డర్‌లో ఫోన్ నంబర్ మాత్రం అమ్మానాన్నలదే ఇవ్వండి, లేకపోతే ఓటీపీ అర్ధరాత్రి మీకు వస్తుంది, డెలివరీవాడు ఇక్కడ గుమ్మంలో ఉంటాడు.

మెయిల్‌లో ఏం రాయాలి?

పెద్ద లాయర్ భాష అక్కర్లేదు. ఇలా రాసినా సరిపోతుంది:

‘ఫలానా తేదీన ఫలానా బిల్లు నంబర్ మీద ఈ మోడల్ ఫ్రిజ్, ఈ సీరియల్ నంబర్, ఇంత ధరకి కొన్నాను. ఈ తేదీన డెలివరీ అయింది, ఈ తేదీన మీ టెక్నీషియన్ బిగించాడు. బాక్స్ విప్పినప్పుడే కుడి పక్క కింద సొట్ట ఉంది, కూలింగ్ రావట్లేదు. జాబ్ షీట్, ఫొటోలు, వీడియో జతచేశాను. ఈ వస్తువుని నేను ఒప్పుకోవడం లేదు. 15 రోజుల్లో దీన్ని తీసుకెళ్ళి కొత్తది ఇవ్వండి లేదా పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. లేదంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఖర్చులకి మీరే బాధ్యులు.’

తిట్లు, బెదిరింపులు రాయకండి, రేపు ఈ మెయిలే కమిషన్ ముందు చదువుతారు.

జవాబు లేదు, తర్వాత ఎక్కడికి?

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, 1915. ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు, వాట్సాప్‌లో అయితే 8800001915. డాకెట్ నంబర్ (మీ ఫిర్యాదు నంబర్) ఇస్తారు, కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. వాళ్ళకి ఆర్డర్ వేసే అధికారం లేదు కానీ పెద్ద కంపెనీలు చాలావరకు ఇక్కడే దిగొస్తాయి, నేను చూసిన వాటిలో ఎక్కువ కేసులు దీంతోనే తేలిపోయాయి. ఇక్కడ పెట్టినందువల్ల తర్వాత కమిషన్‌కి వెళ్ళే హక్కు పోదు.

కన్స్యూమర్ కమిషన్‌లో కేసు అంటే లాయరు, ఖర్చు, తిరగడం... మనవల్ల అవుతుందా?

అవుతుంది. కట్టిన డబ్బు 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే చూస్తుంది, ఇంట్లో సామాను దాన్ని దాటదు కదా. 5 లక్షల లోపు అయితే ఫీజు అసలు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో ఫైల్ చేయొచ్చు, 2025 జనవరి 1న మొదలైంది, అంతకుముందు ఈ-దాఖిల్ ఉండేది. వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరవ్వడానికీ అడగొచ్చు. ఫిర్యాదు, అఫిడవిట్, బిల్లు, ఫొటోలు, మెయిల్స్ తేదీల వరసలో పెట్టండి, ఈ వరస బాగుంటే సగం పని అయినట్టే.

గడువు, లోపం బయటపడి గొడవ మొదలైనప్పటి నుంచి 2 ఏళ్ళు. అవతలివాళ్ళు నోటీసు అందాక 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు, అంతకుమించి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చట్టం ప్రకారం నోటీసు అందాక 3 నెలల్లో, ల్యాబ్ టెస్టు కావాలంటే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నిజానికి చాలా చోట్ల ఇంతకంటే లేటే అవుతుంది, దానికి ప్రిపేర్ అయి ఉండండి. మధ్యలో మీడియేషన్‌కి (మధ్యవర్తి ముందు రాజీకి) పంపితే వెళ్ళండి, కొత్త వస్తువు ఇస్తామంటే అక్కడే ముగించేసుకోవడం మంచిది.

కంటికి కనిపించే సొట్టకి, పగులుకి ఫొటోలు చాలు. లోపల తయారీ లోపం ఉందంటే మాత్రం నిరూపించే భారం మొదట మన మీదే ఉంటుంది, కంపెనీ జాబ్ షీట్లు గానీ ఎక్స్‌పర్ట్ రిపోర్ట్ గానీ కావాలి, అవసరమైతే కమిషనే ల్యాబ్‌కి పంపిస్తుంది. అదే కంప్లయింట్ మీద టెక్నీషియన్ ఎన్నిసార్లు వచ్చాడో చూపించే జాబ్ షీట్లన్నీ దాచండి.

నష్టపరిహారం ఎంత అడగొచ్చు?

వస్తువు ధర, వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకి కొంత. ముప్పై వేల ఫ్రిజ్‌కి పది లక్షలు అడిగితే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. ఫ్రిజ్ లేక బయట కొన్నవి, కూలర్ అద్దె, సెలవు పెట్టిన రోజుల జీతం ఇలా బిల్లులతో చూపించగలిగినవి అడగండి, అవి వచ్చే అవకాశం ఎక్కువ.

ఆఫీసుకి, హాస్టల్‌కి, కర్రీ పాయింట్‌కి కొన్న ఫ్రిజ్‌కి ఇవన్నీ వర్తిస్తాయా?

లాభం కోసం నడిపే వ్యాపారానికి కొంటే మామూలుగా 2019 చట్టం కింద వినియోగదారు కారు. కానీ సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొనుక్కుంటే మినహాయింపు ఉంది, అంటే భార్యాభర్తలిద్దరూ నడుపుకునే చిన్న కర్రీ పాయింట్‌కి ఫ్రిజ్ కొంటే కేసు వేయొచ్చు, ఫిర్యాదులో ‘జీవనోపాధి కోసం’ అన్న మాట స్పష్టంగా రాయండి. పెద్ద హాస్టల్‌కి పది ఏసీలు కొంటే కష్టం, అప్పుడు 1930 చట్టం కింద సివిల్ కోర్టు దారే.

ఆర్డర్ వచ్చింది కానీ కంపెనీ కట్టట్లేదు

వాళ్ళు రాష్ట్ర కమిషన్‌కి అప్పీల్ వెళ్ళాలంటే 45 రోజుల్లో వెళ్ళాలి, ముందు ఆర్డర్ మొత్తంలో సగం డిపాజిట్ చేయాలి. అప్పీల్ లేదు, డబ్బు లేదు అంటే అదే జిల్లా కమిషన్‌లో ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఆర్డర్ అమలు చేయించమనే పిటిషన్) వేయండి. 2019 చట్టం 72వ సెక్షన్ కింద ఆర్డర్ పాటించనివాళ్ళకి నెల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 25 వేలకి తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. ఈ పిటిషన్ నోటీసు అందాక మాత్రం చాలామంది చెక్కు పట్టుకుని వస్తారు. చెక్కు క్లియర్ అయ్యాకే ‘మొత్తం ముట్టింది’ అని మెమో వేయండి, పాత వస్తువుని కూడా అప్పుడే సంతకం తీసుకుని అప్పగించండి.